మెడ కింద మెరిసే కొవ్వు

క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూడ్డానికి పెట్ స్కాన్ తీస్తారు. రేడియోధార్మిక ఫ్లోరిన్ కలిపిన ఒకరకం గ్లూకోజును రక్తనాళంలోకి ఎక్కిస్తారు. దాన్ని ఎక్కువగా లాక్కునే కణాలు బొమ్మలో మెరుస్తాయి. కొందరికి మెడ కింద, కాలర్ ఎముకల పైన రెండువైపులా ఒకేలా మెరుపు కనబడేది. కండరాలు బిగుసుకున్నాయేమోనని డాక్టర్లు కండరాలను సడలించే డయాజిపామ్ మందు ఇచ్చి చూసిన సందర్భాలూ ఉన్నాయి. పెట్‌కు ఒంటి లోపలి నిర్మాణాన్ని చూపే సీటీ స్కాన్ జతయ్యాక తేలింది, ఆ మెరుపు కండది కాదు, కొవ్వుదని.

అదే బ్రౌన్ ఫ్యాట్. మామూలు కొవ్వు శక్తిని దాచుకుంటుంది, ఇది మండించి వేడి పుట్టిస్తుంది. దీని కణాల్లో కిక్కిరిసి ఉండే మైటోకాండ్రియాలలోని (కణానికి శక్తి అందించే భాగాలివి) యూసీపీ1 అనే ప్రోటీన్ చేసే పని అది. ఇది పసిపిల్లల్లోనే ఉంటుందని, పెద్దయ్యాక దాదాపు మిగలదని చాలాకాలం నమ్మారు.

2009 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో మూడు పరిశోధనలు వేసింది. బోస్టన్ బృందం 1,972 మంది పాత స్కాన్లు తిరగేస్తే ఆడవాళ్లలో 7.5 శాతం, మగవాళ్లలో 3.1 శాతం మందికే ఈ కొవ్వు కనబడింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం 24 మంది యువకులను 16 డిగ్రీల చలిలో ఉంచి స్కాన్ తీస్తే 23 మందిలో కనబడింది!

రెండు లెక్కలూ నిజమే. బోస్టన్‌వి ఆస్పత్రిలో మామూలుగా తీసిన స్కాన్లు, వాళ్లనెవరూ చలిలో కూర్చోబెట్టలేదు. ముఖ్యంగా చలి తగిలినప్పుడే నరాల నుంచి నోరెపినెఫ్రిన్ అనే రసాయనం అంది ఈ కొవ్వు రాజుకుంటుంది. వెచ్చని గదిలో తీసిన స్కాన్‌తో దాని లెక్క తేల్చడమంటే, పట్టపగలు వెలుగుతున్న వీధి దీపాలను లెక్కపెట్టి ఊళ్లో దీపాలే లేవన్నట్టు. మూడో బృందం ఫిన్లాండ్‌లోని తుర్కు వాళ్లది. వాళ్లు మనుషుల పాదాన్ని చల్లటి నీళ్లలో పెట్టించి స్కాన్ తీశారు. అంతటితో ఆగక, మెరిసిన చోటి నుంచి ముక్క తీసి అందులో యూసీపీ1 ఉందని చూపించారు. నా దృష్టిలో మూడింటిలో గట్టి రుజువు ఇదే. (క్యాన్సర్ స్కాన్‌కు ముందు మాత్రం రోగికి దుప్పటి కప్పి వెచ్చగా ఉంచుతారు, ఈ మెరుపు అడ్డం రాకుండా.)

ఇంకో మెలిక ఉంది. స్కాన్ చూపేది గ్లూకోజు వాడకాన్ని. బ్రౌన్ ఫ్యాట్ ఎక్కువగా మండించేది తనలో దాచుకున్న కొవ్వునే. ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో గ్లూకోజు తక్కువగా చేరుతుంది కాబట్టి, ఉన్న బ్రౌన్ ఫ్యాట్ కూడా లేనట్టే కనబడొచ్చు. అందుకే నీటి వాటా, కొవ్వు వాటా విడదీసి చూపే ఎమ్మారై మీద ఆసక్తి పెరిగింది. దానికి రేడియేషన్ బెడద కూడా లేదు.

మనకు సంబంధించిన లెక్క ఒకటుంది. 2014లో లైడెన్ పరిశోధకులు నెదర్లాండ్స్‌లోని సన్నటి యువకులను చలిలో ఉంచి పోల్చితే, దక్షిణాసియా మూలాలవాళ్లలో తెల్లవాళ్లకన్నా బ్రౌన్ ఫ్యాట్ పరిమాణం 34 శాతం తక్కువగా తేలింది. మనవాళ్లకు మధుమేహం త్వరగా రావడానికి ఇదీ ఒక కారణమేమోనన్న చర్చ లేచింది. అయితే చూసింది జట్టుకు 12 మందినే, కొలిచింది మళ్లీ ఆ గ్లూకోజు మెరుపుతోనే.