ఫిలాసఫీ క్లాసు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిలాసఫీలో సరైన జవాబు ఉండదు, ఎవరి అభిప్రాయం వారిది.

డిగ్రీ మొదటి ఏడాదిలో చాలామంది ఈ మాటతోనే వస్తారు. అభిప్రాయం ఎవరిది వారిదే కావచ్చు. దానికి చూపిన కారణం నిలుస్తుందా లేదా అన్నది మాత్రం పరీక్షించి తేల్చవచ్చు. "కొండ మీద నిప్పు ఉంది, పొగ కనిపిస్తోంది కాబట్టి" అన్న న్యాయదర్శనపు (తర్కాన్ని చర్చించే భారతీయ తత్త్వశాఖ) పాత ఉదాహరణనే తీసుకోండి. ముందు దీన్ని ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను ఇక్కడికి అన్వయించడం), నిగమనం (ముగింపు) అనే ఐదు అవయవాలుగా, అంటే భాగాలుగా, విడగొట్టి రాయించాలి. తర్వాత తిరగేసి "పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి" అని బోర్డు మీద రాయాలి. ఇదీ సరైనదేనని చాలామంది ఒప్పేసుకుంటారు. కానీ ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చి కట్టె తోడవ్వాలి. చెప్పకుండా దాగిన ఈ షరతునే తార్కికులు ఉపాధి అంటారు. మన అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో దీనికిచ్చిన ఉదాహరణ ఇదే. ఉపాధిని పట్టుకోవడం అలవాటైన విద్యార్థి, "మా కాలేజీలో చేరినవాళ్లకు ర్యాంకులొచ్చాయి, మీరూ చేరండి" అన్న హోర్డింగు చూస్తే, మంచి మార్కులవాళ్లను ముందే ఏరి చేర్చుకున్నారేమో అని అడుగుతాడు. ఈ ఒక్క అలవాటు కోసమైనా ప్రతి డిగ్రీ విద్యార్థికీ ఒక సెమిస్టర్ తర్కం చెప్పాలని మా గట్టి నమ్మకం.

అపోహ: పేర్లు, వాదాలు, నోట్సు బట్టీ పడితే పాసవుతారు.

పాసవుతారు, నిజమే. నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. గంట క్లాసుకు మూలగ్రంథం నుంచి రెండు పేజీలు చాలు. మొదటి చదువులో రచయిత తేల్చిన నిర్ణయం కింద గీత గీయాలి. రెండో చదువులో దానికిచ్చిన కారణాలకు అంకెలు వేయాలి. మూడోసారి, ఏ కారణం తీసేస్తే నిర్ణయం కూలుతుందో గుర్తించాలి. ఆ తర్వాతే విమర్శ.

ఎక్కువగా చెడేది పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం చెప్పే దగ్గరే. దాన్ని బలహీనంగా రాసుకుని, కొట్టేసి గెలిచామనుకుంటారు. అందుకే 300 పదాల వ్యాసంలో మొదటి 100 పదాలు ప్రత్యర్థి వాదానికే కేటాయించి, "అవును, నేననేది ఇదే" అని అతను ఒప్పుకునేలా ఉంటేనే మిగతాది దిద్దడం మంచిది.

అపోహ: ఇది మతబోధ.

దర్శనాలను (తత్త్వశాఖలను) వరసగా వివరించే మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం మొదలయ్యేదే దేవుణ్ణి, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులతో. సృష్టికర్త అవసరం లేదన్న మీమాంసకులూ సిలబస్‌లో ఉంటారు. ఏ దర్శనానికైనా క్లాసులో అడిగే ప్రశ్న ఒకటే: దీనికి ప్రమాణం ఏమిటి, అంటే ఇది నిజమని ఎలా తెలిసింది?

అపోహ: ఉద్యోగానికి పనికిరాదు, సివిల్స్‌కైతే చిన్న ఆప్షనల్, తేలిగ్గా అయిపోతుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు తక్కువే, ఆ మాట చేరేముందే పిల్లలకు చెప్పాలి. సివిల్స్ మెయిన్స్‌లో ఈ ఆప్షనల్‌కు 250 చొప్పున రెండు పేపర్లు, మొత్తం 500 మార్కులు. 2013 నుంచి ఉన్న ఎథిక్స్ పేపరుకు మరో 250. సిలబస్ చిన్నదే, కానీ 10 మార్కుల ప్రశ్నకు దాదాపు 150 పదాల్లో వాదం, ఆక్షేపణ, సమాధానం మూడూ ఇమడాలి. కోచింగ్ నోట్సులోని నిర్వచనంతో 60 పదాలు నింపేస్తే ఆక్షేపణకు చోటుండదు. నిర్వచనం రెండు వాక్యాలు దాటకుండా, గడియారం పెట్టుకుని, రోజుకు రెండు జవాబులు రాయించండి.