వెనక సీటుకు అద్దపు కన్ను

2019 సెప్టెంబరు 2న పఠాన్‌కోట్ నుంచి అప్పటి వాయుసేనాధిపతి ధనోవా, వింగ్ కమాండర్ అభినందన్ కలిసి ఎగిరినది రెండు సీట్ల శిక్షణ రకం మిగ్-21లో. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, దాదాపు ఒకే ఎత్తులో కూర్చునే ఆ విమానంలో వెనకున్నవారికి ఎదుటి రన్‌వే ఎలా కనిపిస్తుందని ఒక పాఠకుడు అడిగారు. నిజానికి, తప్పనిసరిగా కనిపించవలసిన క్షణాల్లోనే అది కనుమరుగవుతుంది.

అందుకు కారణం త్రికోణాకారపు రెక్క. వేగం తగ్గేకొద్దీ ఆ రెక్క విమానపు బరువును మోయాలంటే గాలికి మరింత ఏటవాలుగా నిలవాలి కనుక, మిగ్-21 గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో, ముక్కు పైకెత్తుకొని నేలను సమీపిస్తుంది. అప్పుడు వెనక కూర్చున్న శిక్షకుడి కళ్ల ముందు, ముందున్న శిష్యుడి సీటు వీపు, పైకి లేచిన ముక్కు అడ్డుగా నిలుస్తాయి. హాక్ శిక్షణ విమానంలోలాగా వెనక సీటును ఎత్తులో అమర్చవచ్చు. అయితే ధ్వనికి రెట్టింపు వేగం కోసం సన్నగా మలచిన దేహానికి అలాంటి మూపురం వస్తే గాలి నిరోధం పెరుగుతుంది.

సీటును లేపకుండా కన్నును మాత్రమే లేపడం ఎలా? 1960లో తొలిసారి ఎగిరిన మిగ్-21యూ నమూనాలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. తరువాత వచ్చిన యూఎస్, యూఎం రకాలలో వెనక కానపీ (సీటు మీది పారదర్శకమైన మూత) మీద పెరిస్కోప్ అమర్చారు. దిగడానికి చక్రాలు దించినప్పుడు అదీ పైకి లేస్తుంది, మిగతా సమయమంతా గాలికి అడ్డు రాకుండా ముడుచుకొని ఉంటుంది. పై అద్దం ఎదుటి నుంచి వచ్చే కాంతిని కిందికి మళ్లిస్తే, కింది అద్దం దానిని కంటివైపు తిప్పుతుంది. మొదటి పరావర్తనం తిరగేసిన దృశ్యాన్ని రెండవది సరిచేస్తుంది కాబట్టి రన్‌వే ఎడమ అంచు ఎడమవైపే ఉంటుంది, నేల కిందనే ఉంటుంది. శిష్యుడి పొరపాటును రెండు మూడు సెకన్లలో సరిదిద్దవలసిన మనిషికి దృశ్యాన్ని మనసులో తిరగేసుకునే తీరిక ఉండదు. అద్దం చిన్నది కనుక చూపు ఇరుకవుతుంది. నేల ఎంత దగ్గరైందో తెలిపే పక్క దృశ్యాన్ని మాత్రం కానపీ అద్దాల గుండానే అందుకోవాలి.

మన బడుల్లో అగరుబత్తి అట్టపెట్టెతో పెరిస్కోప్ చేయించి, జలాంతర్గామి పేరు చెప్పి పాఠం ముగిస్తారు. రెండు అద్దాల మధ్య దూరమెంతో చూపు అంతే పైకి జరుగుతుందని పిల్లల చేత స్కేలుతో కొలిపిస్తే ఎంత బాగుంటుంది!

శిక్షణ విమానమని దీనిని తక్కువగా అంచనా వేయనక్కరలేదు. 1965లో నటాలియా ప్రొఖానొవా మిగ్-21యూలో 24,336 మీటర్ల ఎత్తుకు చేరి మహిళల రికార్డు నెలకొల్పారు. భారత వాయుసేన యూ రకాన్ని టైప్-66 అనీ, యూఎం రకాన్ని టైప్-69 అనీ పిలిచింది. 1963లో మిగ్-21 దళం మొదలైన చండీగఢ్‌లోనే 2025 సెప్టెంబరు 26న ఆ విమానాలకు వీడ్కోలు పలికారు.