ఆఫ్రికా శిల్పాల వేలం: పాట పాడేముందు తెలియాల్సినవి

అమెరికాలో, ఇంగ్లండులో ఉంటున్న మన తెలుగువాళ్ళు కొందరు ఆన్‌లైన్ వేలాల్లో ఆఫ్రికా మాస్కులు, చెక్క బొమ్మలు కొంటున్నారు. వేలానికి వచ్చిన వస్తువుల్ని పరిశీలించి క్యాటలాగుకు వివరాలు రాయడం నా వృత్తి. అందుకని ఫొటో పంపి సలహా అడుగుతుంటారు. దాదాపు అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఇది ఎన్నేళ్ళ నాటిదండీ?" దానికంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. దాన్ని ఎవరు చేయించుకున్నారు? ఎలా వాడారు? వాళ్ళ చేతుల్లోంచి ఎలా బయటికొచ్చింది? ధర ఆ తర్వాతి సంగతి.

అపోహ: ఎంత పాతదైతే అంత అసలైనది

ఇప్పుడు మిగిలి ఉన్న ఆఫ్రికా చెక్క శిల్పాల్లో ఎక్కువ భాగం 19, 20 శతాబ్దాలవే. చెదలు, తేమ చెక్కను అంతకంటే ఎక్కువ కాలం నిలవనివ్వవు. మాలి దేశంలో బండియాగరా కొండచరియల పొడి గుహల్లో వందల ఏళ్ళ నాటి చెక్క వస్తువులు దొరికాయి కానీ, అలాంటివి చాలా అరుదు. మా రంగంలో అసలైనదంటే, ఒక సమాజం తన అవసరానికి చేయించుకుని తాను వాడుకున్నది.

నైజీరియా నైరుతి భాగంలో ఉండే యోరుబాల 'ఎరె ఇబెజి' బొమ్మల్నే తీసుకోండి. యోరుబాల్లో కవలలు పుట్టడం చాలా ఎక్కువ. కవలల్లో ఒకరు చనిపోతే, ఇఫా జోస్యం చెప్పే బబలావో దగ్గరికి వెళ్తారు. ఆయన చెప్పినదాన్ని బట్టి శిల్పి చేత చిన్న బొమ్మ చెక్కిస్తారు. పోయింది పసిబిడ్డే అయినా బొమ్మ మాత్రం ఎదిగిన మనిషి రూపంలో ఉంటుంది. తల్లి ఆ బొమ్మకు స్నానం చేయిస్తుంది, తిండి పెడుతుంది, ఒంటికి ఎర్రటి చెక్కపొడి పూస్తుంది, జుట్టుకు నీలిమందు రాస్తుంది, పూసలూ గవ్వలూ కడుతుంది. (పడమటి ఆఫ్రికాకు ఆ గవ్వలు శతాబ్దాల పాటు మన పక్కనున్న మాల్దీవుల నుంచే వెళ్ళాయి.) ఏళ్ళ తరబడి అలా కడిగి, తుడిచి, నిమిరితే కళ్ళూ ముక్కూ అరిగి నున్నగా అయిపోతాయి.

నేను మొదట చూసేది ఆ అరుగుదలనే. చెయ్యి తగిలే ముఖం అరుగుతుంది. చెయ్యి దూరని చోట్ల, అంటే బొమ్మ చేతులకూ నడుముకూ మధ్య సందుల్లో, ఉలి గాట్లు పదునుగానే ఉంటాయి. ఎర్రపొడి మూలల్లో గట్టిపడి ఉంటుంది. నకిలీ బొమ్మలో అన్నివైపులా ఒకేలా అరిగి ఉంటుంది, అది ఉప్పుకాగితంతో వచ్చిన అరుగుదల కాబట్టి. మట్టిలో పాతిపెట్టి తీయడం, పొగ పట్టించడం, షూ పాలిష్ రుద్దడం కూడా ఉన్నాయి. 1940లలో చెక్కినదైనా ఒక తల్లి పెంచుకున్న ఇబెజి అసలైనదే. నిరుడు చెక్కి 'రెండు వందల ఏళ్ళ నాటిది' అని రాసి పెట్టింది కాదు. ఇబెజి చేతిలోకి వచ్చినప్పుడల్లా అది ఒక ఇంట్లో బిడ్డ స్థానంలో ఉన్నదని తలుచుకుంటాను. కొనేవాళ్ళు కూడా ఆ సంగతి తెలిసి కొనాలని నా కోరిక.

అపోహ: ల్యాబ్ పరీక్ష చేయిస్తే అంతా తేలిపోతుంది

కార్బన్ పరీక్ష చెట్టు ఎప్పుడు పెరిగిందో చెబుతుంది, బొమ్మ ఎప్పుడు చెక్కారో చెప్పదు. పాత దూలం మీద కొత్తగా చెక్కితే పరీక్షలో పాతదనే వస్తుంది. పైగా 17వ శతాబ్దం మధ్య నుంచి 1950 వరకు ఉన్న కాలానికి ఈ పరీక్ష కచ్చితమైన తేదీ ఇవ్వలేదు. మనకు కావాల్సిన వస్తువుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ కాలానివే. ఒక విషయంలో మాత్రం బాగా పనికొస్తుంది. 1950ల నుంచి జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో రేడియో కార్బన్ పెరిగింది కాబట్టి, ఆ తర్వాత పెరిగిన చెట్టు తేలిగ్గా దొరికిపోతుంది. కాల్చిన మట్టి బొమ్మలకు చేసేది థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష, అంటే ఆ మట్టిని చివరిసారి ఎప్పుడు కాల్చారో చెప్పేది. పాత పెంకుల్ని కొత్త మట్టితో అతికిన బొమ్మైతే, పెంకు దగ్గర నమూనా తీస్తే అదీ మోసపోతుంది.

అపోహ: కాగితాలు పక్కాగా ఉంటే ఏ టెన్షనూ లేదు

ముందుగా, అమ్మేవాడే రాసిచ్చిన సర్టిఫికెట్‌ను కాగితం కింద లెక్కపెట్టకండి. పాత ఫొటో, ప్రదర్శనల లేబుళ్ళు, పాత వేలం క్యాటలాగు, రసీదులు లెక్కలోకి వస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో స్థిరపడిన జపాన్ పనివాడు కిచిజో ఇనగాకి శిల్పాల్ని నిలబెట్టడానికి చేసిన చెక్క పీఠం మీద ఆయన ముద్ర కనబడితే అదీ ఒక ఆధారం. కాకపోతే ఆ పీఠం వేరే బొమ్మకు చేసింది కావచ్చు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. కాగితాలు పక్కాగా ఉండటమే దోపిడీకి సాక్ష్యం కావచ్చు. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ నగరాన్ని పట్టుకుని, రాజభవనం నుంచి వేల కొద్దీ ఇత్తడి ఫలకాలు, దంతపు శిల్పాలు ఎత్తుకుపోయింది. ఆ దాడిలో ఉన్న ఒక అధికారి వారసులు 2010లో బెనిన్ రాజమాత ఇదియా దంతపు మాస్కును సోథబీస్ అనే వేలం సంస్థ ద్వారా అమ్మకానికి పెట్టారు. అది ఎలా చేతికొచ్చిందో దాచలేదు. నిరసనలు రావడంతో వేలం జరగకముందే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2020లో పారిస్‌లో క్రిస్టీస్ అనే వేలం సంస్థ, నైజీరియాలోని ఇగ్బో ప్రజల శిల్పాలు రెండింటిని అమ్మకానికి పెట్టినప్పుడు, అవి నైజీరియాలో జరిగిన బయాఫ్రా అంతర్యుద్ధ కాలంలో తరలిపోయినవని ఇగ్బో కళాచరిత్రకారుడు చికా ఒకెకె అగులు అభ్యంతరం చెప్పారు. అయినా అమ్మేశారు.

ఫ్రాన్స్‌లో ఒక వృద్ధ దంపతులు పాత సామాన్లతో పాటు గాబన్ దేశపు ఫాంగ్ ప్రజల ఎన్గిల్ మాస్కును 150 యూరోలకు అమ్మేశారు. ఆ భర్త తాత వలసపాలనలో గవర్నరు. 2022 మార్చిలో మోంపెలియే వేలంలో అదే మాస్కు 42 లక్షల యూరోలు పలికింది. దంపతులు కోర్టుకెళ్ళారు, గాబన్ ప్రభుత్వం కూడా మాస్కు తమకు రావాలని అడిగింది. 2023 డిసెంబరులో అలెస్ కోర్టు ఇద్దరి వాదనా కొట్టేసింది. చట్టప్రకారం అది సరే. కానీ గవర్నరు చేతికి ఆ మాస్కు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నైజీరియాలో దొరికే ప్రాచీన నోక్ మట్టిబొమ్మలు, నైజర్ నది లోయ మట్టిబొమ్మల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2000 సంవత్సరంలోనే అంతర్జాతీయ మ్యూజియంల మండలి వీటిని దోపిడీ ప్రమాదం ఉన్న వస్తువుల జాబితాలో పెట్టింది. తవ్వుకొచ్చి అమ్ముతున్న వస్తువులివి. ఎంత బాగున్నా దూరంగా ఉండండి.

అపోహ: చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు

వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు. కొనుక్కుపోయినవాళ్ళు అడగలేదు, అంతే. యోరుబా శిల్పి ఒలోవే ఆఫ్ ఇసె, 1938లో చనిపోయారు. ఇకెరె అనే యోరుబా పట్టణపు రాజభవనానికి ఆయన చెక్కిన తలుపులు 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనకు వెళ్ళాయి. వాటికి బదులు ఇంగ్లండులో చేసిన సింహాసనం తీసుకుని ఇకెరె రాజు వాటిని ఇచ్చేశారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. క్యాటలాగులో 'శిల్పి తెలియదు' అని కనిపిస్తే అది ఆ శిల్పి లోపం అనుకోకండి.

అపోహ: ఇది కోటీశ్వరుల వ్యవహారం

2014లో న్యూయార్క్‌లో పడమటి ఆఫ్రికాలోని సెనుఫో ప్రజల స్త్రీ శిల్పం ఒకటి కోటీ ఇరవై లక్షల డాలర్లు పలికిన మాట నిజమే. అయితే కాంగోలోని కూబా ప్రజల నేత బట్టలు, చెక్క తలగడలు, ఘనాలో బంగారపు పొడి తూచడానికి అసాంటేలు వాడిన ఇత్తడి తూకపురాళ్ళు మామూలు జీతగాళ్ళకూ అందుతాయి. ఆ తూకపురాళ్ళు మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసే పద్ధతిలోనే తయారయ్యాయి. మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోస్తారు. పర్యాటకుల కోసం పోసినవి బజారులో చాలా ఉన్నాయి. వాటి అంచులు కరుకుగా ఉంటాయి, వాడకపు నునుపు ఉండదు.

బడ్జెట్ వేసుకునేటప్పుడు, పాట ఆగిన ధరకే వస్తువు ఇంటికి రాదని గుర్తుంచుకోండి. దానిమీద వేలం సంస్థ కమీషన్ చాలాచోట్ల పాతిక శాతం దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ ఉంటుంది. పన్నులు, రవాణా, ఇన్సూరెన్స్ వేరే.

అపోహ: పాత దంతమైతే ఇండియాకు తెచ్చుకోవచ్చు

తీసుకురావద్దు. మన దేశంలో 1991 నుంచి ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా నిషేధం. అమెరికా 2016లో, ఇంగ్లండు 2022లో నిబంధనలు బిగించాయి. కొద్దిపాటి మినహాయింపులకు బోలెడు రుజువులు కావాలి. దంతమే కాదు, మాస్కుకు చిరుత పళ్ళో, కోతి వెంట్రుకలో ఉన్నా కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఏయే పదార్థాలతో చేసిందో పాటకు ముందే వేలం సంస్థను రాతపూర్వకంగా అడగండి.