దానంగా వచ్చిన నేల: భూ సంరక్షణ ట్రస్టుపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు దక్షిణాన ఆనేకల్ తాలూకాలో కొద్దిపాటి నేలను లేఅవుట్లుగా మారకుండా కాపాడే చిన్న ట్రస్టు ఒకదానికి నేను కొన్నేళ్లుగా ధర్మకర్తగా ఉన్నాను. ఈ వైపు రైతు కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు కనుక మా సంప్రదింపులు తెలుగులో, దస్తావేజులు కన్నడంలో నడుస్తాయి. తాతల నాటి రెండెకరాలను అమ్ముకోవడం ఇష్టం లేక, ‘మీ ట్రస్టుకు రాసిస్తాం’ అంటూ నగరంలో స్థిరపడినవారు కూడా వస్తుంటారు. వారు ఎంతో నమ్మకంగా చెప్పే మాటల్లో సగానికి చట్టంలోనూ, క్షేత్రంలోనూ ఆధారం కనిపించదు.

అపోహ: ట్రస్టు పేరున రిజిస్టరైతే భూమి శాశ్వతంగా భద్రం.

వాస్తవం: మన చట్టాలలో ప్రైవేటు భూమికి శాశ్వతంగా తాళం వేసే దస్తావేజు ఏదీ లేదు. అమెరికాలో భూమిని తన చేతిలోనే ఉంచుకుని, దానిలో కట్టడాలు కట్టే హక్కును మాత్రం వదులుకుని, ఆ నియంత్రణను ట్రస్టుకు అప్పగించే ‘కన్జర్వేషన్ ఈజ్‌మెంట్’ అనే ఏర్పాటు ఉంది. అక్కడ ఉద్యోగం చేసి వచ్చినవారు ఇక్కడా అదే చేద్దామంటారు. మన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం దృష్టిలో అటువంటి హక్కు ఒక భూమి అనుభవం కోసం మరొక భూమిపై ఉండేది. దారి, నీటి కాలువ, గాలి, వెలుతురు వంటివి. దగ్గరలో గుంట నేల కూడా లేని ట్రస్టుకు అది దక్కదు. పోనీ ముప్పై ఏళ్లకు కౌలుకు తీసుకుందామంటే, కర్ణాటక భూసంస్కరణల చట్టం సైనికులు, నావికుల వంటి కొద్దిమందికి తప్ప వ్యవసాయ భూమిని కౌలుకివ్వడాన్ని నిషేధించింది. ఇక మిగిలేది కొనడమో, దానంగా పుచ్చుకోవడమో. ట్రస్టులు, కంపెనీలు వ్యవసాయ భూమిని కలిగి ఉండరాదన్న, అదే చట్టంలోని 79బి సెక్షను 2020 వరకు ఆ దారికీ అడ్డుగా ఉండేది. ఆ ఏటి సవరణ దానిని తొలగించింది. అయితే వ్యవసాయేతర ఆదాయం ఎక్కువగా ఉన్నవారికి అడ్డుగా ఉన్న 79ఎ కూడా దానితోపాటే పోయింది కనుక, మాకు తెరిచిన తలుపులోంచే మాకన్నా వంద రెట్లు డబ్బున్నవారు కూడా లోపలికి వచ్చారు.

దానపత్రంలో ‘ఎన్నటికీ అమ్మరాదు’ అని రాయించినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు, ఎందుకంటే అమ్మకాన్ని పూర్తిగా నిషేధించే షరతు ఆస్తి బదిలీ చట్టంలోని 10వ సెక్షను ప్రకారం చెల్లదు. భూమిని నిజంగా పట్టి ఉంచేవి ట్రస్టు డీడ్‌లో రాసుకున్న ఉద్దేశాలు, ధర్మకర్తల నడవడి. మహారాష్ట్రలో ఉన్నట్లు ఛారిటీ కమిషనరు పర్యవేక్షణ బెంగళూరులో మాబోటి ట్రస్టులకు లేదు. ధర్మకర్తలు దారి తప్పితే, ఆసక్తి గల ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 92వ సెక్షను కింద దావా వేయాలి. ఆ ఇద్దరూ ఎక్కడి నుంచి వస్తారన్నదే ప్రశ్న. అందువల్ల ధర్మకర్తలలో ఒకరు తప్పనిసరిగా ఆ గ్రామస్థులై ఉండాలని, ట్రస్టు మూతపడితే భూమి అవే ఉద్దేశాలున్న మరొక ట్రస్టుకే చేరాలని మా డీడ్‌లో ముందే రాసుకున్నాం.

అపోహ: భూమి దానమిస్తే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది.

వాస్తవం: రాదు. ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, అది కూడా నగదైతే 2,000 రూపాయల వరకే వర్తిస్తుంది. పైగా కుటుంబం బయటివారికిచ్చే దానపత్రానికి అమ్మకపు పత్రంలాగే స్టాంపు సుంకం చెల్లించవలసి ఉంటుంది. అంత భూమిని ఉచితంగా ఇచ్చి, ఆపైన ఎదురు ఖర్చు కూడా పెట్టుకోవాలా అని దాత అడిగినప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు.

అపోహ: ఆర్‌టీసీ అనే భూమి రికార్డులో (పహాణీలో) పేరుంటే హక్కు స్పష్టంగా ఉన్నట్లే.

వాస్తవం: ఆర్‌టీసీ రెవెన్యూ రికార్డు మాత్రమే. అందులోని నమోదును నిజమని భావిస్తారు కానీ, వేరే సాక్ష్యంతో దానిని తోసిపుచ్చవచ్చు. మాకు వచ్చిన మొదటి దానమే ఈ పాఠం నేర్పింది. కాగితం మీద రెండెకరాల పన్నెండు గుంటలు ఉన్న ఆ భూమికి అన్నదమ్ముల మధ్య పోడి కాలేదు; అంటే సర్వే నంబరు విడిపోలేదు, ఎవరి వాటా ఏ గట్టు దాకా ఉందో చూపే స్కెచ్ లేదు. సర్వే చేయించేసరికి అందులో ఎనిమిది గుంటలు బి-ఖరాబుగా తేలాయి. సాగుకు పనికిరాదని విడిచిన ఎ-ఖరాబు వేరు, దారికో కాలువకో ప్రజావసరంగా ప్రత్యేకించిన బి-ఖరాబు వేరు. రెండవది దాతది కాదు కనుక ఆయన ఇవ్వనూ లేడు, మేము పుచ్చుకోనూ లేము. నా మట్టుకు నాకు ఆ ఎనిమిది గుంటలు పోయినందుకు బాధ కలగలేదు. అది వాన నీరు చెరువుకు పోయే దారి, అది ప్రభుత్వానిదిగా ఉండటమే మేలు.

అంతకన్నా పెద్ద గొయ్యి 1978 నాటి పీటీసీఎల్ చట్టం. షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూమిని ముందస్తు అనుమతి లేకుండా బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదు, భూమి తిరిగి మంజూరుదారు కుటుంబానికి చేరుతుంది. అటువంటి దరఖాస్తులకు కాలపరిమితి వర్తించదని 2023 సవరణ స్పష్టం చేసింది. ఇది న్యాయమైన చట్టమే. మా జాగ్రత్త అంతా అటువంటి భూమిని తెలియక పుచ్చుకుని మరొకరి హక్కుకు అడ్డు కాకూడదనే. అందుకే భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ముప్పై ఏళ్ల ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టుతో ఆగకుండా, తొలి మంజూరు పత్రం దాకా వెనక్కి వెళ్తాం.

అపోహ: సంరక్షణ అంటే మొక్కలు నాటడం.

వాస్తవం: ఏటా జూన్‌లో ఏదో ఒక కంపెనీవారు వెయ్యి మొక్కలతో వస్తామని ఫోను చేస్తారు, మేము ఏటా వద్దంటాం. మా దగ్గరున్న నేలలో చాలా భాగం రాతిబోడు, గడ్డి మైదానం. నగరానికి వాయవ్యంగా ఉన్న హెసరఘట్ట మైదానాన్ని చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు: నేలపైనే గూడు కట్టే పక్షులకు, వాటిపై ఆధారపడే డేగలకు చెట్లు లేని చోటే ఇల్లు. అక్కడ తోట వేస్తే ఆ జీవాలను వెళ్లగొట్టినట్లే. మా పనిలో ఎక్కువ భాగం నాటడం కాదు, పీకడం. లాంటానా అనే కలుపు పొదను వేరు మొదలుతో సహా తవ్వి తీసిన తరువాత కూడా, పిట్టలు పండ్లు తిని విత్తనాలు రాలుస్తుంటాయి కనుక వరుసగా మూడు నాలుగేళ్లు అదే చోటికి వచ్చి మొలకలు ఏరాలి. ఈ పనిలో ఫోటోకు పనికొచ్చే ఘట్టం ఒక్కటీ ఉండదు.

అపోహ: చుట్టూ కంచె వేస్తే సరిపోతుంది.

వాస్తవం: మేము వేశాం, ఆ కంచె నెల తిరక్కుండానే మూడు చోట్ల తెగింది. తెంచినవారు దొంగలు కారు, తరతరాలుగా ఆ దారిన చెరువు దగ్గరికి మేకలు తోలుకుపోయేవారు. ఊరి పెద్దలతో కూర్చుని, ఆ దారిని వదిలి, కంచెను రెండు ముక్కలుగా వెనక్కి జరిపాం. వేసవిలో గడ్డికి నిప్పంటుకుంటే ముందుగా కనిపించేది మేకలవారికే కనుక, మంట పాకకుండా జనవరిలో గడ్డి తీసి నిప్పుబాట చెక్కే కూలి పనిని కూడా వారికే ఇస్తున్నాం.

అపోహ: చెరువును దత్తత తీసుకుంటే అది ట్రస్టుదే.

వాస్తవం: కాదు, చెరువు ప్రభుత్వానిదే. జేపీ నగర్‌లోని పుట్టేనహళ్లి చెరువు విషయంలో స్థానికుల ట్రస్టు పోషించిన పాత్ర కూడా నిర్వహణ ఒప్పందం మీద ఆధారపడినదే. చెరువు చుట్టూ కట్టడాలు కూడని రక్షణ వలయం కొలత సైతం స్థిరం కాదు: 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 75 మీటర్లని ఆదేశించింది, 2019లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది.

అపోహ: భూమి ఉంటే డబ్బు అదే వస్తుంది.

వాస్తవం: మొక్కలకు, బోరుబావికి, పేరు చెక్కిన ఫలకానికి డబ్బు వస్తుంది, కాపలాదారు జీతానికి రాదు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిబంధనలలో కొనసాగే ప్రాజెక్టు గడువు, మొదలైన ఆర్థిక సంవత్సరం పోను మూడేళ్లు. కాపలా పనికేమో గడువంటూ లేదు. విదేశాల్లోని మనవారు ఇస్తారంటే, భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపవచ్చు; అమెరికా పౌరసత్వం తీసుకున్నవారిది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని ట్రస్టు దానిని ముట్టుకోకూడదు. ఒకే ఇంట్లో అన్న డబ్బు తీసుకుని తమ్ముడి డబ్బు తిప్పి పంపిన సందర్భం మాకు ఎదురైంది.

ఒక్క కాపలాదారుకు నెలకు 15,000 రూపాయలిచ్చినా ఏడాదికి 1,80,000 అవుతుంది. ఏడు శాతం వడ్డీ అనుకుంటే, అసలు కరగకుండా ఆ జీతం రావడానికి సుమారు 26 లక్షల మూలనిధి కావాలి. అందువల్ల భూమి ఇస్తామని వచ్చినవారిని ఇప్పుడు మేము మొదటగా అడిగేది, దానితోపాటు దాని కాపలాకు ఎంత ఇవ్వగలరని. ఇలా అడిగినందుకు ఇద్దరు దాతలు నొచ్చుకుని వెళ్లారు, మళ్లీ రాలేదు. మూడో ఆయన లెక్క కాగితం మీద వేసి ఇమ్మన్నారు.