రోటరీ ఇంజన్లూ, వాటిని కట్టే ఉస్తాదులూ: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో "నేను రోటరీ మెకానిక్‌ని" అంటే ఒకరు ట్రాక్టరు వెనక కట్టే రోటవేటర్ అనుకుంటారు. ఇంకొకరు రోటరీ క్లబ్బు వాళ్ల జీపు చూస్తానేమో అనుకుంటారు. కారు పేరు ఆర్‌ఎక్స్ 7 అని చెబితే "యమహా ఆర్‌ఎక్స్ 100కి అన్నయ్యా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. రింగురోడ్డులో నా షెడ్డుకి ఇప్పుడు వచ్చేవి బొలేరోలు, ట్రాక్టర్లు, పాత మారుతీలే. అంతకుముందు పదకొండేళ్లు షార్జాలో ఉన్నాను. అందులో ఏడేళ్లు మాజ్డా అనే జపాన్ కంపెనీ రోటరీ కార్లు మాత్రమే చూసే గ్యారేజీలో, ఒక మలయాళీ పెద్దాయన కింద పనిచేశాను. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు.

ఈమధ్య ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు రీల్స్ చూసి వచ్చి ఈ ఇంజన్ల గురించీ, వీటి మీద చేయి తిరిగిన ముసలి మెకానిక్‌ల గురించీ అడుగుతున్నారు. అడిగేదాంట్లో సగం పురాణమే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఇంజన్ గురించి రెండు ముక్కలు. ఇందులో పిస్టన్ ఉండదు. నడుం దగ్గర కాస్త నొక్కుకున్న వేరుశనగ కాయలాంటి హౌసింగ్, దాని లోపల పొట్ట ఉబ్బిన సమోసాలాంటి రోటర్. ఆ రోటర్ మూడు మూలలూ హౌసింగ్ గోడని రాసుకుంటూ తిరుగుతాయి. ఒక్కో మూలకి ఒక సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, అదే అపెక్స్ సీల్. మన ఇంజన్లో రింగులు చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది.

అపోహ: ఉస్తాద్ చెవి పెడితే చాలు, ఇంజన్ రోగం చెప్పేస్తాడు.

వాస్తవం: చెవి పెట్టేవాడు, నిజమే. కానీ చెవి మాటే ఫైనల్ అనేవాడు కాదు. ఒకసారి ఆర్‌ఎక్స్ 8 అనే మాజ్డా రోటరీ కారుని రికవరీ బండి మీద తెచ్చారు. వేరే గ్యారేజీలో చూపించుకుంటే "ఇంజన్ పోయింది, విప్పి కట్టాల్సిందే" అన్నారట. ఉస్తాద్ పెట్రోల్ పంపు ఆపించి, ఒక ప్లగ్గు విప్పి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. బాగున్న రోటర్ అయితే ప్లగ్గు రంధ్రంలోంచి "బుస్, బుస్, బుస్" అని మూడు ఊపిర్లు ఒకే బలంతో వస్తాయి. ఒక సీల్ పోతే ఆ వరసలో ఊపిర్లు తేడాగా, తడబడుతూ వస్తాయి. ఆ రోజు మూడూ నీరసంగానే వచ్చాయి. "పోయింది ఉస్తాద్" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

ఆయన నా వంక చూడనైనా లేదు. ప్లగ్గు వాసన చూశాడు. పచ్చి పెట్రోల్. ఓనర్ని అడిగితే, ఇంట్లో రెండో కారుకి దారి ఇవ్వడానికి పొద్దున్నే స్టార్ట్ చేసి, పది అడుగులు వెనక్కి తీసి, ఆపేశానన్నాడు. చల్లటి రోటరీని అలా స్టార్ట్ చేసి వెంటనే ఆపితే పెట్రోల్ లోపలే మిగిలిపోయి సీళ్ల మీదున్న ఆయిల్‌ని కడిగేస్తుంది. ఆయిల్ పొర లేకపోతే కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కి పట్టే బలం, ఉండదు. ఉస్తాద్ బ్యాటరీ మార్చి, ప్లగ్గులన్నీ విప్పి సెల్ఫ్ కొట్టించి ఆ పెట్రోల్ అంతా బయటికి ఊదించాడు. రంధ్రాల్లో కొంచెం ఆయిల్ పోశాడు. ఆరిన ప్లగ్గులు బిగించాక రెండో ప్రయత్నానికి గ్యారేజీ అంతా తెల్లటి పొగ చిమ్ముతూ స్టార్ట్ అయింది. బాగా వేడెక్కనిచ్చి, అప్పుడు కంప్రెషన్ కొలిచే గేజ్ పెట్టాడు.

గేజ్ అంటే మన షెడ్లలో ఉండేది కాదు. ఆ మామూలు గేజ్ రోటర్ మూడు ముఖాల్లో ఎక్కువ వచ్చినదాన్నే పట్టి ఉంచుతుంది, మిగతా రెండూ దాని వెనక దాక్కుంటాయి. దీనికి మూడింటినీ విడివిడిగా చూపించే టెస్టర్ కావాలి. దాంతోపాటు సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఎంత వేగంతో తిరిగిందో కూడా చూసి, 250 ఆర్‌పీఎం లెక్కకి సరిచేయాలి. బ్యాటరీ డల్‌గా ఉంటే మంచి ఇంజన్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్ 8కి కంపెనీ చెప్పే అంకె చదరపు సెంటీమీటరుకి 8.5 కేజీలు, 6.9 కంటే తగ్గకూడదు. ఆ బండి రెండు రోటర్లకీ కలిపి ఆరు ముఖాలూ 7.5 పైనే వచ్చాయి. "పోయిన" ఇంజన్ మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికెళ్లిపోయింది.

అపోహ: ఇందులో తిరిగే సామాను తక్కువ కాబట్టి చేయి తిరిగినవాడు ఒక్కరోజులో కట్టేస్తాడు.

వాస్తవం: వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ బెల్ట్ లేదు. రెండు రోటర్లూ ఒక షాఫ్టూ, అంతే. కానీ ఒక్కో రోటర్‌కి అపెక్స్ సీళ్లు 3, సైడ్ సీళ్లు 6, మూలల్లో బొత్తాల్లాంటి కార్నర్ సీళ్లు 6 ఉంటాయి. వాటి కింద వేటి స్ప్రింగు వాటిదే. సైడ్ సీల్‌కీ కార్నర్ సీల్‌కీ మధ్య ఖాళీ 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. కొత్త సీల్ కొంచెం పొడుగ్గానే వస్తుంది. దాని కొసని సన్న ఆకురాయితో రెండు గీతలు గీకడం, పెట్టి చూడటం, సందు కొలిచే పలచటి రేకు, అదే ఫిల్లర్ గేజ్, దూర్చడం, మళ్లీ తీసి ఇంకో గీత. నా మొదటి నెలంతా ఇదే పని. ఒక గీత ఎక్కువ పడితే ఆ సీల్ చెత్తబుట్టలోకే. ఆ బుట్టని ఉస్తాద్ నా బల్ల పక్కనే పెట్టించాడు, నాకు కనబడాలని.

అన్నీ కుదిరాక హౌసింగ్ మీద హౌసింగ్ పేర్చేటప్పుడు సీళ్లు జారిపోకుండా ఆయన వాడే మందు ఏంటో తెలుసా? వాజ్లీన్. చలికాలం పెదాలకి రాసుకునేదే. సీల్ పడే గాడిలో వేలితో పూస్తే స్ప్రింగుతో సహా అతుక్కుని కూర్చుంటుంది, ఇంజన్ స్టార్ట్ అయ్యాక కరిగిపోతుంది. చివరికి షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతుందో డయల్ గేజ్‌తో చూడాలి. 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్లు. కుదరకపోతే విప్పి, లోపలి స్పేసర్ మార్చి, మళ్లీ. మా దగ్గర ఒక ఇంజన్‌కి కడగడంతో కలిపి వారం పట్టేది.

అపోహ: రోటరీలో మొనగాళ్లంతా జపాన్ వాళ్లే.

వాస్తవం: ఇంజన్ పుట్టిందే జర్మనీలో. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన, ఎన్‌ఎస్‌యూ కంపెనీలో 1957లో మొదటిసారి తిరిగింది. మాజ్డా వాళ్లు 1961లో లైసెన్సు కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటే హౌసింగ్ లోపలి గోడ మీద అలల్లాంటి గీతలు పడటం మొదలైంది. సీల్ వణుకుతూ గోడని గీరేస్తోంది. వాళ్లు దానికి "దెయ్యం గోళ్ల గీతలు" అని పేరు పెట్టారు. కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు దాని మీద కూర్చున్నారు. సీల్ వణికే తీరునే మార్చాలని పట్టుకుని, చివరికి కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించిన సీల్ చేశారు. 1967లో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది అలాగే. యమమోతో తర్వాత ఆ కంపెనీకే ప్రెసిడెంట్ అయ్యాడు.

వీధి కార్ల లోకంలో జపాన్‌లో ఇసామి అమెమియా పేరు పెద్దది. ఆయన సంస్థ కట్టిన ఆర్‌ఎక్స్ 7తో 2006లో సూపర్ జీటీ రేసుల్లో జీటీ300 అనే తరగతిలో డ్రైవర్ల టైటిల్ గెలిచారు. అమెరికాలో జిమ్ మెడెరర్, తకయుకి ఓకు కలిసి పెట్టిన రేసింగ్ బీట్ అనే రోటరీ సంస్థ పేరు చెప్పుకోవాలి. వాళ్ల ఆర్‌ఎక్స్ 7 బానవిల్ ఉప్పు మైదానంలో 1986లో గంటకి 238 మైళ్లు, అంటే 380 కిలోమీటర్ల పైన పరిగెత్తింది. మెడెరర్ చదువుకున్న ఇంజనీరు. మా ఉస్తాద్ చదువు తక్కువ. ఇద్దరి కథల్లోనూ మంత్రాలేమీ లేవు, కొలతలే ఉన్నాయి.

అపోహ: ఇంజన్ ఆయిల్ తాగుతోందంటే పని అయిపోయినట్టే.

మన పిస్టన్ బళ్లకి ఇది నిజం. ఆయిల్ తగ్గుతోందంటే రింగులో, వాల్వ్ సీళ్లో చూసుకోవాలి. రోటరీకి ఇది అబద్ధం. సీళ్లు ఎండిపోకుండా ఒక చిన్న పంపు సంపులోంచి ఆయిల్ తీసి కొంచెం కొంచెం లోపలికి పంపిస్తుంది, అది కాలిపోతుంది. డిజైనే అది. ఆయిల్ అసలు తగ్గకపోతేనే టెన్షన్ పడాలి, పంపు పనిచేయట్లేదేమో అని. దీనికి తోడు పెట్రోల్లో టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బళ్ల ఆయిల్, కలిపేవాళ్లూ చాలామంది. ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నయ్యా అని అడిగిన కుర్రాడిది మరీ అంత తప్పు కాదేమో!

అపోహ: 1300 సీసీయే కదా, మైలేజీ బాగుంటుంది.

"ఏటి మావా, లీటరికి ఎంతిస్తాది?" ఏ ఇంజన్ గురించి చెప్పినా మన ఊళ్లో మొదటి ప్రశ్న ఇదే. ఆర్‌ఎక్స్ 8లో ఉండే 13బీ ఇంజన్ 1308 సీసీ అని కాగితం మీద ఉంటుంది. కానీ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగితే ఒక్కో రోటర్ ఒకసారి పేలుతుంది. మామూలు ఇంజన్లో ఒక సిలిండర్ పేలాలంటే రెండు చుట్లు కావాలి. ఆ లెక్కన ఇది 2600 సీసీ చేసే పని చేస్తుంది, తాగడం కూడా అలాగే తాగుతుంది. పైగా పెట్రోల్ మండే చోటు పొడుగ్గా, పలచగా ఉంటుంది. వేడి గోడలకి పోతుంది, అంచుల్లో పెట్రోల్ పూర్తిగా మండదు. నేను చూసిన ఆర్‌ఎక్స్ 8లు సిటీలో లీటరుకి 7 దాటితే ఓనర్లు పండగ చేసుకునేవారు.

అపోహ: లె మాన్స్ గెలిచిందని కుళ్లుకుని రోటరీని నిషేధించారు.

1991లో మాజ్డా వాళ్ల నాలుగు రోటర్ల రేసుకారు 787బీ ఫ్రాన్స్‌లో జరిగే ఆ 24 గంటల రేసు గెలిచిన మాట నిజం. అక్కడ గెలిచిన మొదటి జపాన్ కంపెనీ అదే. కానీ రోటరీని బయటపెట్టిన 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్ల రూలు ఆ రేసుకి ముందే నిర్ణయమైపోయింది.

అపోహ: రోజుకొకసారి ఫుల్ రేస్ చేస్తే కార్బన్ పోతుంది.

కార్బన్ పట్టకుండా రేస్ చేయడం మంచిదే, ఆయిల్ వేడెక్కాక. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద ఈ పని చేసి మా దగ్గరికి వచ్చినవాళ్లే మా ఓవర్‌టైం జీతాలు ఇచ్చారు.

అపోహ: ఉస్తాద్‌కి జోస్యం తెలుసు.

ఇది షార్జాలో అందరూ చెప్పుకునే కథ. "ఆర్నెల్లలో నీ వెనక రోటర్ పోతుంది" అన్నాడంటే పోయేదట. నేనూ కొన్నాళ్లు నమ్మాను. తర్వాత ఆయన బల్ల సొరుగు సర్దమంటే పొడుగాటి ఖాతా పుస్తకం కనిపించింది, కిరాణా కొట్లో ఉండేలాంటిది. ఒక్కో బండికి ఒక పేజీ. తేదీ, కిలోమీటర్లు, సెల్ఫ్ వేగం. కింద రెండు వరసలు, వరసకి మూడు గడులు: ముందు రోటర్ మూడు ముఖాలు, వెనక రోటర్ మూడు ముఖాలు. ఏటా వచ్చే బండికి ఏటా ఆరు అంకెలు. వెనక వరసలో ఒక గడి 7.8, 7.5, 7.1 అని దిగుతూ వస్తుంటే తర్వాతి అంకె ఎంతో చెప్పడానికి జోస్యం ఎందుకు? ఆ పుస్తకం ఆయన దాచనూ లేదు, ఎవరూ అడగనూ లేదు.

నేను తిరిగొచ్చేటప్పుడు ఉస్తాద్ తన పాత ఫిల్లర్ గేజ్ ఇచ్చాడు. పుస్తకం ఇక్కడ కొత్తది కొనుక్కున్నాను, గంటస్తంభం దగ్గర. నాలుగు సిలిండర్ల బొలేరోకి నాలుగు గడులు. డీజిల్‌కి గేజ్ వేరు, అంకెలు వేరు, పేజీ మాత్రం అదే. నిన్న గుర్ల నుంచి మూడు సిలిండర్ల ట్రాక్టరు ఒకటి వచ్చింది. గడులు గీయమంటే మా కుర్రాడు అలవాటుగా నాలుగు గీశాడు. ఒకటి కొట్టేయించాను.