ఉత్తరంలో కడుపునొప్పి: దూరపు వైద్యం మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను కడుపు, పేగుల జబ్బుల డాక్టర్ని. సాయంత్రం ఓపీ అయ్యాక ఒక గంట ఫోన్ కన్సల్టేషన్లు చూస్తుంటాను. మొన్న ఒక పెద్దాయన, కొడుకు పట్టుకున్న ఫోన్‌లోకి అనుమానంగా చూస్తూ, "చెయ్యి పెట్టి చూడకుండా నా కడుపులో ఏముందో మీకెట్లా తెలుస్తుందండీ? వెనకటికి ఇట్లాంటి వైద్యం ఎక్కడన్నా ఉందా?" అన్నారు. లైన్లో ఇంకో నలుగురు ఉండి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. వైద్య చరిత్ర చదవడం నాకున్న పిచ్చి కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: దూరం నుంచి వైద్యం చెయ్యడం కరోనాతో మొదలైంది.

మన దేశంలో టెలిమెడిసిన్‌కి నిబంధనలు వచ్చింది 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే. కరోనా చేసింది అంతవరకే. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో విలియం కల్లెన్ (1710-1790) అనే వైద్య ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన ప్రాక్టీసులో పెద్ద భాగం పోస్టులోనే నడిచింది. ఇంగ్లండ్ నుంచి, యూరప్ నుంచి, అమెరికా నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో సామ్యూల్ టిస్సో అనే డాక్టరుదీ ఇదే పద్ధతి. ఆయనకు రోగులు రాసిన ఉత్తరాలు వెయ్యికి పైగా ఇప్పటికీ ఆ ఊళ్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో అజీర్తి, కడుపు ఉబ్బరం, మలబద్ధకం, పుల్లటి తేన్పులు కావలసినన్ని. చదువుతుంటే నా ఓపీ చీటీలే గుర్తొస్తాయి.

అపోహ: రోగిని చూడకుండా చేసేది కాబట్టి అంతా ఊహాగానమే.

అందరూ తడబడేది ఇక్కడే. ఆ రోజుల్లో రోగి ఎదురుగా కూర్చుంటే డాక్టరు ఏం చేసేవాడో ముందు చూడాలి. నాడి పట్టుకునేవాడు, నాలుక చూసేవాడు, మొహం రంగు గమనించేవాడు, మలమూత్రాల గురించి అడిగేవాడు. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. వేళ్లతో తట్టి శబ్దం వినే పద్ధతిని వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ 1761లో ప్రకటిస్తే చాలా ఏళ్ల పాటు పట్టించుకున్నవాళ్లే తక్కువ. స్టెతస్కోప్ 1816లో గానీ రాలేదు. థర్మామీటర్‌తో జ్వరం చూడటం మామూలు అలవాటు కావడానికి 19వ శతాబ్దం సగం దాటాల్సి వచ్చింది. ఎక్స్‌రే, ఎండోస్కోపీల సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి డాక్టరు దగ్గరున్నా, వంద మైళ్ల అవతలున్నా చేతిలో ఉండే అసలు సరుకు ఒకటే, రోగి చెప్పే కథ. ఎప్పుడు మొదలైంది, ఏం తింటే పెరిగింది, రాత్రి నిద్ర ఎట్లా ఉంది, విరేచనం ఏ రంగు, ఎన్నిసార్లు. ఈ కథ ఉత్తరంలో మరింత బాగా వచ్చేదని నా అనుమానం. ఓపీలో రెండు నిమిషాల్లో "గ్యాస్ అండీ" అని తేల్చేసే మనిషి, కలం పట్టుకుంటే నాలుగు పేజీలు రాస్తాడు కదా.

టిస్సో దీన్ని ఇంకా పకడ్బందీగా చేశాడు. మామూలు జనం ఆరోగ్యం కోసం 1761లో రాసిన పుస్తకం చివర, డాక్టర్‌కి ఉత్తరం రాసేవాళ్లు తప్పకుండా జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నల పట్టిక పెట్టాడు. రోగి వయసెంత, అంతకుముందు ఆరోగ్యం ఎట్లా ఉండేది, జబ్బు ఎప్పటినుంచి, ఎట్లా మొదలైంది, నొప్పి ఉందా, విరేచనం ఎట్లా అవుతోంది... ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా ప్రశ్నలు. ఫోన్ కన్సల్టేషన్‌కి ముందు మా వాళ్లు పంపే ఫారంలో దాదాపు ఇవే ఉంటాయి. రెండున్నర శతాబ్దాల్లో మేం కొత్తగా చేర్చింది ఎండోస్కోపీ రిపోర్టు, మందుల ఎలర్జీ, బీమా కార్డు నంబరు.

అపోహ: రోగులే ఉత్తరాలు రాసుకునేవాళ్లు.

కొందరే. చాలా ఉత్తరాలు రోగి ఊళ్లోని సర్జనో, మందులు కలిపి అమ్మే అపోతెకరీయో రాసినవి. లేదంటే భర్త భార్య గురించి, తండ్రి కూతురి గురించి రాసేవారు. 1784లో ఇంగ్లిష్ నిఘంటువు రాసిన సామ్యూల్ జాన్సన్‌కి ఒళ్లు నీరు పట్టి ఆయాసం వచ్చినప్పుడు ఆయన మిత్రుడు బాస్వెల్ ఎడిన్‌బరో డాక్టర్లకు ఉత్తరాలు రాశాడు. వాళ్లలో కల్లెన్ ఒకడు. పెద్దాయన ఫోన్ కొడుకు పట్టుకున్నట్టే అదీ. మధ్యలో ఇంకో మనిషి ఉంటే కథ మారుతుంది. భార్య కడుపునొప్పిని భర్త "చిరాకు" అని రాస్తాడు. ఈ తలనొప్పి మాకిప్పటికీ ఉంది.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో 1840కి ముందు తపాలా ఖర్చు మామూలుగా ఉత్తరం అందుకున్నవాడే కట్టేవాడు. పేజీలు పెరిగితే ఖర్చూ పెరిగేది. రోగి కడుపులో బాధంతా కక్కుకుంటే ఆ చార్జీ డాక్టరు నెత్తిన!

అపోహ: పంపేవన్నీ నాటు మందులు, లేకపోతే విషాలు.

విషాలు ఉన్నాయి, దాచక్కర్లేదు. పాదరసం కలిసిన కాలొమెల్‌ని విరేచనానికి ఇచ్చేవారు. నల్లమందు కలిపిన లాడనం నొప్పికీ, నీళ్ల విరేచనాలకీ వాడేవారు. లాడనంతో విరేచనం కట్టేస్తుంది, దానికి మళ్లీ విరేచనం చేయించే రేవల్చిన్ని, దాంతో మళ్లీ కడుపులో నొప్పి, మళ్లీ లాడనం. రోగి ఆ గానుగలో తిరుగుతూనే ఉండేవాడు. అయితే నల్లమందు పేగు కదలికను తగ్గిస్తుందన్నది నిజం. ఇప్పుడు విరేచనాలకు వాడే లోపెరమైడ్ పనిచేసేది కూడా పేగుల్లో నల్లమందు పట్టుకునే గ్రాహకాల (రిసెప్టార్ల) మీదే.

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది మెగ్నీషియా కథ. కల్లెన్ శిష్యుడు జోసెఫ్ బ్లాక్ 1754లో ఎడిన్‌బరోలో ఇచ్చిన డాక్టరేటు వ్యాసం దేని మీదో తెలుసా? తిండి వల్ల కడుపులో పుట్టే పులుపు మీద, దాన్ని విరిచే తెల్ల మెగ్నీషియా మీద. ఆ తెల్ల పొడిని కాల్చి, ఆమ్లంలో కలిపి, తూచి చూస్తూ పోతే దాంట్లోంచి ఒక వాయువు బయటపడింది. మనం కార్బన్ డయాక్సైడ్ అనేది అదే. గుండెల్లో మంటకి మందు వెతకబోతే రసాయనశాస్త్రానికి కొత్త దారి దొరికింది. మీ ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఉండే యాంటాసిడ్ సిరప్ సీసా తిప్పి చూడండి, మెగ్నీషియం పేరు కనిపించే అవకాశం ఎక్కువ.

ఇక ఉత్తరాల్లో ఎక్కువ చోటు మందులది కాదు, తిండిది, అలవాట్లది. ఉబ్బరం తెచ్చే కూరలు తగ్గించు, పులిసిన సారా మానెయ్, వేళకు పడుకో, గుర్రపు స్వారీ చెయ్. అవును, అజీర్తికి గుర్రపు స్వారీ! నేను సాయంత్రం నడవమంటాను, అంతే తేడా.

అపోహ: "అంతా మనసు వల్లే" అనడం ఈకాలపు డాక్టర్ల తప్పించుకునే మాట.

కల్లెన్ 1769లో జబ్బులను వర్గాలుగా విడదీసినప్పుడు అజీర్తిని నరాల జబ్బుల్లో చేర్చాడు. "న్యూరోసిస్" అనే మాట కల్పించింది ఆయనే. 2016లో, ఇలాంటి జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ ప్రమాణాల నాలుగో కూర్పు, పరీక్షల్లో ఏమీ కనపడని ఇలాంటి కడుపు జబ్బులకు పేగు, మెదడు మధ్య సమన్వయ లోపాలని పేరు పెట్టింది. టెన్షన్ పడితే కడుపు కదిలిపోతుందని మన ఇళ్లల్లో పెద్దలు అనేది ఉత్త మాట కాదు. అలాగని అందరికీ అదే అనుకోకూడదు. కల్లెన్ "నరాల బలహీనత" అనుకున్న వాళ్లలో కొందరికి నిజంగా కడుపులో పుండ్లు ఉండి ఉంటాయి. వాటికి తరచూ కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980ల తొలినాళ్లలో గానీ పట్టుకోలేదు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇక్కడ కల్లెన్ పొరబడింది దూరం వల్ల కాదు. రోగి పక్క గదిలో ఉన్నా అదే రాసేవాడు.

అపోహ: మూత్రం సీసా పంపితే చాలు, జబ్బంతా చెప్పేసేవారు.

అలా చెప్పేవాళ్లున్నారు, నమ్మినవాళ్లూ ఉన్నారు. గాజు సీసాలో పోసి మనిషితో పంపితే, రంగు చూసి జాతకం చెప్పినట్టు చెప్పేవారు. 1637లో థామస్ బ్రయన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఈ తంతును ఎండగడుతూ ఏకంగా పుస్తకమే రాశాడు. దూరపు వైద్యంలో నిజంగా మోసం ఉంటే ఇదిగో ఇక్కడుంది. ఉత్తరాల పద్ధతికీ దీనికీ ముడిపెట్టడం అన్యాయం.

అపోహ: అన్ని జబ్బులకీ ఉత్తరం పనికొచ్చేది.

రాదు. పేగు మెలిపడినవాడు, కడుపు గట్టిగా బిగుసుకుపోయినవాడు జవాబొచ్చేదాకా బతకడు. ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెలల తరబడి, ఏళ్ల తరబడి నలిగే బాధలవే. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఉన్నట్టుండి తగ్గిన బరువు అని వినపడితే నేనూ వీడియో కట్ చేసి ఆస్పత్రికి రమ్మంటాను.

అపోహ: డాక్టరే ఇంటికొచ్చి ఉంటే నయమయ్యేది.

చార్లెస్ డార్విన్‌ని అడగాలి. పాతికేళ్లుగా పగలూ రాత్రీ కడుపు ఉబ్బరం, అప్పుడప్పుడు నెలల తరబడి వాంతులు అని తన బాధలన్నీ కాగితం మీద పెట్టి, 1865 మేలో జాన్ చాప్‌మన్ అనే డాక్టరును పిలిపించుకున్నాడు. చాప్‌మన్ డార్విన్ ఉండే డౌన్ గ్రామానికి స్వయంగా వచ్చాడు, చూశాడు. వెన్నెముక పొడవునా మంచు సంచులు కట్టుకోమన్నాడు. డార్విన్ కొన్ని వారాలు రోజుకు పలుమార్లు ఆ చలి భరించి, లాభం లేదని మానేశాడు.