ఈశాన్య గాలి ఎటు పోతుంది?

తుపాను వార్తలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. "తుపాను వాయవ్య దిశగా కదులుతోంది అంటారు. వెంటనే వాయవ్య గాలులు వీస్తాయి అంటారు. అంటే రెండూ ఒకవైపే పోతున్నట్టా?" కాదు, పూర్తిగా ఎదురెదురు. తుపాను వాయవ్యం వైపు పోతోంది. వాయవ్య గాలి మాత్రం వాయవ్యం నుంచి బయల్దేరి ఆగ్నేయం వైపు పోతుంది.

"విజయవాడ బస్సు వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే అది విజయవాడ నుంచి వచ్చేదో, విజయవాడకి పోయేదో మనం సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. గాలికి, నీటికి అలా వదిలేయకుండా శాస్త్రం రెండు నియమాలు పెట్టుకుంది. గాలికి పేరు అది వచ్చిన దిక్కును బట్టి, సముద్ర ప్రవాహానికి పేరు అది పోయే దిక్కును బట్టి. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయి, మలయమారుతం మలయ పర్వతం నుంచి వస్తుంది. అదే దక్షిణ ప్రవాహం అంటే దక్షిణానికి పోయే నీరు.

ఈ తేడా అర్థం లేకుండా వచ్చిందేమీ కాదు. గాలి ఏం మోసుకొస్తుందన్నది అది ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టే ఉంటుంది. సముద్రం మీద నుంచి వస్తే తేమ, ఎండిన నేల మీద నుంచి వస్తే వేడి. రైతుకు కావలసిన సమాచారం అదే. పడవలో ఉన్నవాడికి నీరు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కర్లేదు, తనను ఎటు లాక్కుపోతుందో కావాలి.

ఈ చిక్కు బాగా కనిపించేది మన తీరంలోనే, నవంబరులో. బంగాళాఖాతం మీద అప్పుడు ఈశాన్య గాలి. మన తీరం వెంబడి పారే ప్రవాహం ఆ నెలల్లో నైరుతి వైపు పోతుంది. ఒకటి ఈశాన్యం, ఒకటి నైరుతి. పేర్లు వింటే కొట్టుకుంటున్నట్టుంటాయి, నిజానికి రెండూ ఒకే వైపు నడుస్తున్నాయి! ఫిబ్రవరి దాటాక ఆ ప్రవాహం తిరగబడి ఈశాన్యం వైపు పారుతుంది. ఏడాదిలో ఇలా దిశ మార్చుకునే తీర ప్రవాహం మన గుమ్మం ముందే ఉన్నా బడిలో దాని గురించి ఒక్క పేరా చెప్పరు. పటంలో బాణం గుర్తులు గీయిస్తారు, బాణం మొన దేనికి గుర్తో చెప్పకుండా వదిలేస్తారు.

మన తీరంలో రెండూ అలా కలిసినా, గాలి ఎటు తోస్తే నీరు అటే పోతుందనుకోవడం కూడా పొరపాటే. 1893–96 మధ్య 'ఫ్రామ్' ఓడలో ఆర్కిటిక్ మంచులో తేలుతూ వెళ్లిన నార్వే అన్వేషకుడు నాన్సెన్, మంచు గాలి దారికి 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని గమనించాడు. 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ దానికి లెక్క కట్టాడు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పై పొరల నీరంతా కలిపి చూస్తే గాలి పోయే దిశకు 90 డిగ్రీలు కుడికి జరుగుతుంది. ఈశాన్య గాలి పోయేది నైరుతికి కదా, దానికి కుడి అంటే వాయవ్యం, అంటే మన ఒడ్డు. అందుకే ఆ కాలంలో నీరు ఒడ్డు వైపు పోగుపడుతుంది.

కంప్యూటర్‌లో గాలి దిశల లెక్క వేసేవాళ్లకు ఇంకో తలనొప్పి. వాతావరణ శాస్త్రంలో కోణం ఉత్తరం నుంచి మొదలై గడియారం ముల్లు తిరిగే వైపు పెరుగుతుంది. గణితంలో తూర్పు నుంచి మొదలై దానికి ఎదురు దిశలో పెరుగుతుంది. అందుకే గాలి వేగం V, దిశ θ అయితే తూర్పు వైపు భాగం −V sin θ, ఉత్తరం వైపు భాగం −V cos θ. 'నుంచి'ని 'వైపు'గా మార్చేది ఆ మైనస్ గుర్తే. సెకనుకు 10 మీటర్ల ఈశాన్య గాలికి θ 45 డిగ్రీలు. రెండు భాగాలూ సుమారు −7.1 వస్తాయి, అంటే పడమరకు, దక్షిణానికి. కోణాల సగటు నేరుగా తీస్తే ఇంకా ప్రమాదం. 350, 10 డిగ్రీల గాలులు రెండూ ఉత్తరపు గాలులే. సగటు 180 వస్తుంది, అది దక్షిణపు గాలి! భాగాలుగా విడగొట్టి సగటు తీస్తేనే సరైన జవాబు.

     

దిక్కుల మాటల్లో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది 'తుపానుకు కుడివైపు'. మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పడమరకు వచ్చే తుపాను కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీద నుంచి నేలకు కొడుతుంది, దక్షిణాన నేల నుంచి సముద్రంలోకి. ఉత్తరాన తుపాను నడక వేగం కూడా గాలికి తోడవుతుంది. ఉప్పెన వచ్చేది అటే, అంటే తుపానుకు కుడివైపే. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర, ఉప్పెన ముంచెత్తింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. వేలమంది పోయారు. అయితే ఆ కుడి తుపాను నడిచే దారికి కుడి. ఒడ్డున సముద్రం వైపు తిరిగి నిలబడ్డ మనిషికి అది ఎడమ. అందుకే హెచ్చరికల్లో కుడి, ఎడమ మాటలు పూర్తిగా వదిలేసి, ఉప్పెన రాగల మండలాల పేర్లు, ఊళ్ల పేర్లు ముందు చెప్పాలి. గాలికి 'నుంచి', తుపానుకు 'వైపు' ప్రతి వాక్యంలోనూ రాయాలి.